పాత గోడకు సున్నమే మేలు

పాత ఇంటిని పడగొట్టి కొత్తది కట్టుకుంటే కరెంటు ఆదా అవుతుందని, అదే పర్యావరణానికి మంచిదని వాదించేవారు ఒక పెద్ద ఖర్చును లెక్కలోకి తీసుకోవడం లేదు. ఆ ఇంటి ఇటుకలను కాల్చడానికి, దూలాలను కోయడానికి అయిన ఖర్చు ఎప్పుడో అయిపోయింది. కూల్చివేతతో అదంతా శిథిలాల గుట్టగా మిగిలి, కొత్త సిమెంటు కోసం మళ్లీ బట్టీలు మండుతాయి. మానవ కార్యకలాపాల వల్ల వెలువడే కార్బన్ డయాక్సైడులో సుమారు 8 శాతం సిమెంటు తయారీ నుంచే వస్తోంది.

అయితే మరమ్మతు కూడా తెలిసి చేయించాలి. గోడ అడుగున నిమ్ము కనబడగానే పాత గచ్చును చెక్కించి సిమెంటు పూయించడం మా వైపు అలవాటుగా మారింది. కొన్ని వానాకాలాలు గడిచేసరికి ఆ పూత పెచ్చులుగా లేస్తుంది. రాలిన పెచ్చును తిప్పి చూస్తే వెనుక ఇటుక పొర ఎర్రగా అంటుకుని ఉంటుంది, గోడ మీద తెల్లని ఉప్పు నూగులా పేరుకుని కనిపిస్తుంది. సున్నపు పూత గోడలోని తేమను బయటికి పోనిస్తుంది, సిమెంటు దానిని లోపలే బంధిస్తుంది. దారి దొరకని ఆ తేమ, అందులోని లవణాలు మెత్తని పాత ఇటుకను తినేస్తాయి.

హైదరాబాదులోని కుతుబ్ షాహీ సమాధుల వద్ద జరిగిన పని దీనికి గొప్ప ఉదాహరణ. 2013లో ఆగాఖాన్ ట్రస్టు అక్కడ పునరుద్ధరణ మొదలుపెట్టి, ఇరవయ్యో శతాబ్దపు మరమ్మతుల్లో వేసిన సిమెంటును తొలగించి, సున్నపు గచ్చును తిరిగి వేయించింది. అదే ఏడాది వానలకు కొంత భాగం కూలిన బడీ బావోలీ అనే అక్కడి మెట్లబావిని రాతితో మళ్లీ కట్టడంతో అందులో వాననీరు నిలిచి, తోటలకు అందుతోంది. వారసత్వ సంరక్షణకూ నీటి సంరక్షణకూ వేర్వేరు పనులు అక్కరలేదని నేను గట్టిగా నమ్మడానికి ఆ బావి ఒక కారణం.

సున్నం కాల్చడానికీ ఇంధనం కావాలి, కానీ సుమారు 900 డిగ్రీల వేడి సరిపోతుంది. సిమెంటుకు దాదాపు 1450 డిగ్రీలు అవసరం. పైగా గట్టిపడే క్రమంలో సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును కొంత తిరిగి పీల్చుకుంటుంది. గానుగలో ఇసుకతో కలిపి రుబ్బి, బెల్లం, కరక్కాయ నీళ్లు చేర్చే పద్ధతి తెలిసిన మేస్త్రీలు తగ్గిపోతున్నారన్నదే నా అసలు ఆందోళన.

అటువంటి మేస్త్రి దొరికినా, పూత కంటే ముందు నీరు ఎక్కడి నుంచి వస్తోందో వెతకాలి: చూరు కారుతూ ఉండవచ్చు, లేదా రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోవడం వల్ల వీధి మట్టం అరుగు కంటే ఎత్తుగా పెరిగి, వాననీరంతా గోడ మొదట్లోకే చేరుతూ ఉండవచ్చు.