రెండో గీత

మంగళవారం రాత్రి గొంతులో గరగర మొదలైంది. తెల్లారేసరికి 101 జ్వరం, ఒళ్ళంతా నొప్పులు. కోవిడ్ టెస్ట్ చేసుకోవాలా, వద్దా? నా ఒక్కదాని సంగతే అయితే దుప్పటి కప్పుకుని పడుకునేదాన్నే. పాజిటివ్ వచ్చినా విశ్రాంతి, మంచినీళ్ళు, పారాసిటమాలే కదా! కానీ పక్కగదిలో అమ్మ ఉంది. 74 ఏళ్ళు, పైగా ఆస్తమా. లక్షణాలు మొదలయ్యాక ఫ్లూ మందు 48 గంటల్లోపు వేసుకుంటేనే బాగా పనిచేస్తుంది, కోవిడ్ మందు 5 రోజుల్లోపు. నాకేం వచ్చిందో తెలియక ఆమె విషయంలో ఆ గంటలు పోగొట్టుకోలేను.

కోవిడ్ కిట్ విప్పి ముక్కులో పుల్ల తిప్పాను. కళ్ళలో నీళ్ళు, వరసగా నాలుగు తుమ్ములు. 15 నిమిషాలు ఆ ప్లాస్టిక్ ముక్కనే చూస్తూ కూర్చున్నా. సి దగ్గర ఒక్కటే గీత, అంటే నెగెటివ్. హమ్మయ్య అనుకోబోయి ఆగాను. మొదట్లో వైరస్ తక్కువగా ఉంటే ఇలా కిట్‌తో చేసే యాంటిజెన్ టెస్టుకి దొరక్కపోవచ్చు. 48 గంటలాగి మళ్ళీ చేయాలి.

శుక్రవారం ఉదయం టి దగ్గర సన్నగా, చెరిపేసిన పెన్సిల్ గీతలా ఒకటి. లైటు కింద పెట్టి మరీ చూశాను. లేతగా ఉన్నా పాజిటివే.

"ఏమే, తేలిందా?" తలుపు అవతల నుంచి అమ్మ.

"తేలిందమ్మా. నువ్వు మాత్రం లోపలికి రాకు" అన్నాను, మాస్కు వెతుక్కుంటూ.