వేసవి సెలవుల చిట్టి పుస్తకాలు: పని ఎంతవరకు వచ్చింది

పుస్తకాలు కుట్టడం నాకు చాలాకాలంగా ఉన్న అభిరుచి. ఈ వేసవిలో దాన్ని పూర్తిగా ఇంట్లోని ఇద్దరు పిల్లల చదువుకే కేటాయించాను. చిన్నది ఒకటో తరగతి పూర్తి చేసింది. దానికి గుణింతాలు వచ్చు, వత్తుల దగ్గర మాత్రం ఆగిపోతుంది. పెద్దవాడు మూడో తరగతి ముగించాడు. ధారాళంగానే చదువుతాడు గానీ ఎవరూ చెప్పకుండా పుస్తకం పట్టడు. బడి మూసినప్పటి నుంచి తెరిచేదాకా ఇద్దరికీ రోజూ చదవాలనిపించేది ఏదో ఒకటి అందుబాటులో ఉంచాలన్నదే నేను పెట్టుకున్న పని. 1996లో అమెరికా పరిశోధకుడు హ్యారిస్ కూపర్ బృందం అప్పటివరకు వచ్చిన 39 అధ్యయనాలను పరిశీలించి, వేసవి విరామం తర్వాత పిల్లల పరీక్షా ఫలితాలు సగటున ఒక నెల చదువుకు సమానంగా వెనకబడుతున్నాయని తేల్చింది. పట్టు ఇంకా చిక్కని వయసులో ఆ వెనకబాటు మరింత బాధిస్తుందని నా నమ్మకం. అందుకే పని చిన్నదానితో మొదలుపెట్టాను.

మొదటి వారం: ఒక కాగితం, ఎనిమిది పేజీలు

చిన్నదానికి కావలసింది ఒక్క కూర్చోవడంలో పూర్తయ్యే పుస్తకం. అందుకు జిగురు, దారం ఏవీ అక్కరలేని మడత పుస్తకం సరిపోతుంది. ఏ4 కాగితాన్ని అడ్డంగా పరిచి, పొడవు వైపున నాలుగు గడులు, ఎత్తులో రెండు గడులు వచ్చేలా మడిచి, ప్రతి మడతనూ చెంచా వెనుక భాగంతో గట్టిగా రుద్దాలి. తర్వాత కాగితం విప్పి, రెండు వరుసలను విడదీసే నడిమి గీత మీద, మధ్యలోని రెండు గడుల మేర మాత్రమే కత్తిరించాలి. కింది వరుసలో ఎడమ నుంచి 6, 7, 8, 1 పేజీలు వస్తాయి. పై వరుసలో తలకిందులుగా 5, 4, 3, 2 వస్తాయి. కాగితాన్ని ఆ నడిమి గీత మీదే, రాసే వైపు బయటికి ఉండేలా, పొడవుగా సగానికి మడిచి, రెండు చివర్లనూ లోపలికి నెడితే కోత తెరుచుకుని పుస్తకం దానంతట అదే కూడుకుంటుంది. ఒక్కో పేజీ సుమారు 74 మిల్లీమీటర్ల వెడల్పు, 105 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. చదరపు మీటరుకు 80 గ్రాముల మామూలు కాగితమే దీనికి మేలు, ఎందుకంటే మందం పెరిగితే మడతలు పగులుతాయి. ఒకవైపే ముద్రించాలి గనుక వెనుక వైపు వాడేసిన కాగితం కూడా పనికొస్తుంది.

ముందు పెన్సిలుతో ఎనిమిది గడుల్లోనూ అంకెలు వేసి, ఒకసారి మడిచి చూసి, ఆ తర్వాతే రాయడం మొదలుపెట్టమని కొత్తగా చేసేవారికి గట్టిగా చెబుతాను. తలకిందుల వరుస ఒకసారి కంటికి అలవాటైతే పుస్తకానికి పావుగంట చాలు.

రెండో వారం: అక్షరాలు, వరుసల మధ్య చోటు

ఈ వారమంతా అక్షరాల మీదే గడిచింది. తెలుగులో వత్తులు అక్షరం కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి. అందువల్ల వరుసలు దగ్గరగా ఉంటే పై వరుసలోని వత్తు కింది వరుసలోని గుడిని తాకుతుంది, అప్పుడే చదవడం నేర్చుకుంటున్న పిల్ల ఏది ఏ అక్షరానిదో తేల్చుకోలేదు. అక్షరాల సైజు 24 పాయింట్లు ఉంచి, వరుసల మధ్య దూరం రెట్టింపు చేశాక చిన్నది వేలు పెట్టి చదవడంలో తేడా స్పష్టంగా కనిపించింది. నోటో సాన్స్ తెలుగు, మండలి వంటి ఉచిత ఫాంట్లలో వత్తులు పొందికగా వస్తాయి. అలంకారపు ఫాంట్లు అట్ట మీద శీర్షికకే బాగుంటాయి, లోపలి పేజీల్లో వద్దు. ఆ చిన్న గడిలో ఇంత పెద్ద అక్షరాలతో రెండు మూడు వరుసలకు మించి పట్టదు గనుక, పేజీకి ఒక వాక్యం, దాని పైన ఒక బొమ్మ అన్న నియమం పెట్టుకున్నాను.

ఒక వత్తును ఒక పుస్తకమంతటా తిప్పడం బాగా పనిచేసింది. "పిల్లి బల్ల మీద ఉంది. బల్ల కింద బల్లి ఉంది. పిల్లి బల్లిని చూసింది. బల్లి గోడ ఎక్కింది. పిల్లి గోడ ఎక్కలేదు." అంతే కథ. చిన్నది మొదటిసారి "పిలి" అని చదివి, బొమ్మ వైపు చూసి, మళ్లీ వెనక్కి వచ్చి "పిల్లి" అని సరిచేసుకుంది. "బల్ల" దగ్గర ఇంకోసారి ఆగింది. "బల్లి" దగ్గర ఆగలేదు. చివరి పేజీ కాగానే మొదటికి తిప్పి మళ్లీ చదవడం మొదలుపెట్టింది. చదివిందే చదువుతోందని పెద్దవాళ్లు దీన్ని ఆపుతుంటారు, ఆపకూడదు. చదవడం మీద పరిశోధన చేసిన ఎస్. జే శామ్యూల్స్ 1979లో వివరించిన పునఃపఠన పద్ధతి సారమే ఇది. చిన్న భాగాన్ని పిల్లల చేత ధారాళంగా వచ్చేదాకా మళ్లీ మళ్లీ చదివిస్తే, ఆ భాగంలో వేగం పెరగడమే కాక, తర్వాతి కొత్త భాగాన్ని కూడా వాళ్లు మునుపటికన్నా వేగంగా మొదలుపెడతారని ఆయన గమనించారు. ఎనిమిది పేజీల పుస్తకానికి ఉన్న గొప్ప సుగుణం నా దృష్టిలో ఇదే: విసుగు పుట్టేలోపే మళ్లీ మొదటి పేజీ వస్తుంది.

మూడో వారం: దాని కథ, దాని మాటలు

చిన్నదానికి ముందు పన్ను ఊడింది. ఆ సంగతి అందరికీ చెప్పుకుంటూ తిరుగుతుంటే, నాకూ ఒకసారి నిదానంగా చెప్పమని అడిగి, అది చెప్పింది చెప్పినట్టే రాసుకుని, మర్నాటికి పుస్తకంగా మడిచి ఇచ్చాను. చదువుతూ నాలుగో పేజీ దగ్గర ఆగి, "అమ్మా, ఇది నేను అనలేదు, అన్నయ్య అన్నాడు" అంది. నిజమే, ఆ వాక్యం పక్కన కూర్చున్న వాడిది. కాగితం మార్చి మళ్లీ రాసిచ్చాను. ఒక పుస్తకంలో ఏముందో దానికి అంత కచ్చితంగా తెలియడం, తప్పుంటే ఒప్పుకోకపోవడం చూసి నాకెంతో సంతోషం కలిగింది. తాను చెప్పిన మాటలు కావడంతో "వచ్చింది", "పన్ను", "నవ్వాను" వంటివి బొమ్మ సాయం లేకుండానే గడగడా చదివేసింది. అప్పటి నుంచి వారానికి ఒక పుస్తకమైనా దాని నోటి మాటలతోనే చేస్తున్నాను. బొమ్మలు కూడా తనే వేస్తుంది గనుక ఆ గడులు ఖాళీగా వదిలి ఇస్తున్నాను.

చదివినందుకు స్టిక్కర్లు, బహుమతులు ఇవ్వమని కొందరు స్నేహితులు సలహా ఇచ్చారు. నేను ఇవ్వడం లేదు. బొమ్మలు వేయడమంటే ఇష్టపడే చిన్నపిల్లలకు ముందుగా బహుమతి ఆశ చూపి వేయించినప్పుడు, తర్వాత వాళ్లంతట వాళ్లు బొమ్మలు వేసే సమయం తగ్గిందని మనస్తత్వ శాస్త్రవేత్త మార్క్ లెప్పర్, ఆయన సహచరులు 1973లో చూపించారు. చదవడం విషయంలోనూ అలాంటి బేరం పెట్టడం నాకు ఇష్టం లేదు. బహుమతికి బదులు, వెనుక అట్ట మీద గీతలు కొట్టి ఉంచాను. ఎవరికి చదివి వినిపించిందో వాళ్ల పేరును చిన్నది అక్కడ తన చేతి రాతతో రాస్తుంది. తాతయ్య పేరు అన్నిటికన్నా ఎక్కువసార్లు కనిపిస్తోంది.

నెల దాటాక: పెద్దవాడికి కుట్టిన పుస్తకం

వాడికి మడత పుస్తకాలు చిన్నపిల్లల వ్యవహారంలా కనిపించాయి, వాటిని తాకలేదు. వాడికి సాలీళ్లంటే ఆసక్తి. రిచర్డ్ ఆలింగ్టన్ బృందం 2010లో ప్రచురించిన అధ్యయనంలో పేద కుటుంబాల పిల్లలకు వరుసగా మూడు వేసవుల్లో, ఏడాదికి 12 చొప్పున, వాళ్లు ఎంచుకున్న పుస్తకాలే ఇచ్చినప్పుడు చదవడంలో వాళ్లు మెరుగుపడ్డారు. అందులో నన్ను ఎక్కువగా పట్టుకున్నది ఎంపిక పిల్లలదే కావడం. కాబట్టి ఏ విషయమన్నది వాడికే వదిలేశాను, కుట్టే పని మాత్రం నాది.

నాలుగు ఏ4 కాగితాలను సగానికి మడిచి ఒకదానిలో ఒకటి దూర్చితే 16 పేజీల ఏ5 పుస్తకం అవుతుంది. ఒకే ముఖం మీద పక్కపక్కన పడే రెండు పేజీల అంకెలు కలిపితే ఎప్పుడూ 17 రావాలి. అది గుర్తుంచుకుంటే ముద్రణలో తికమక ఉండదు. అట్టకు కాస్త మందమైన కాగితం తీసుకుని, మడత మీద దబ్బనంతో మూడు రంధ్రాలు చేయాలి. దారం పుస్తకం ఎత్తుకు రెండున్నర రెట్లు, అంటే అర మీటరుకు కొంచెం పైన ఉండాలి. సూదిని లోపలి నుంచి మధ్య రంధ్రం గుండా బయటికి తీసి, పై రంధ్రంలోంచి లోపలికి పంపి, లోపలే మధ్య రంధ్రాన్ని దాటించి కింది రంధ్రం గుండా బయటికి లాగి, తిరిగి మధ్య రంధ్రంలోంచి లోపలికి తేవాలి. రెండు కొసలూ పొడవాటి కుట్టుకు చెరో వైపున వచ్చేలా చూసి ముడి వేస్తే పేజీలు కదలవు. దారానికి ముందే మైనం రుద్దితే ముడి జారదు.

లోపల సగం పేజీల్లోనే నేను రాశాను: సాలీడుకు ఎనిమిది కాళ్లని, దూకే సాలీళ్లు వేటకు గూడు అల్లవని, ఇలాంటివి. మిగతా పేజీలను ప్రశ్నలతో వదిలాను. జవాబుల కోసం వాడు ఇంట్లో ఉన్న ఇతర పుస్తకాలు తిరగేసి, దొరికినవి తానే రాసుకుంటున్నాడు. నేను ఆశించినదానికన్నా ఎక్కువే చదువుతున్నాడు.

ఇప్పుడున్న స్థితి

నేను కొత్తవి తయారుచేసే వేగం వాళ్లు చదివే వేగానికి చాలడం లేదు. అందువల్ల ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ అనే పిల్లల కథల వెబ్‌సైట్ నుంచి తెలుగు కథలు దించుకుని ముద్రిస్తున్నాను. అక్కడి కథలు చదివే స్థాయిని బట్టి విడదీసి ఉంటాయి, ఉచితంగా ముద్రించుకోవచ్చు. చిన్నదానికి ఒకటో స్థాయివి సులభంగా, రెండో స్థాయివి కొంచెం కష్టంగా ఉన్నాయి గనుక రెండూ కలిపి ఇస్తున్నాను. పుస్తకాలన్నీ వెన్ను కాక ముఖం కనిపించేలా, పిల్లల చేతి ఎత్తులో కట్టిన దారానికి క్లిప్పులతో తగిలించాను. పాతవి తీసేయడం లేదు. పిల్లీ బల్లీ పుస్తకం మడతల దగ్గర చిరిగింది, దానికి కొత్త ప్రతి చేయాలి. వచ్చే వారం "త్త", "ట్ట" వత్తులతో రెండు మడత పుస్తకాలు, పెద్దవాడు అడిగిన చీమల పుస్తకానికి అట్ట ఈ వరుసలో పూర్తిచేయాలి.