ఇవాళ తెలుగులో చెప్పాను

గురువారం, రాత్రి 11 దాటింది

మందు మానేసి ఇవాళ్టికి 112 రోజులు. కేలండర్ మీద టిక్కు పెట్టేది మా పెద్దమ్మాయి, నేను మొహం కడుక్కుని వచ్చేసరికే పెట్టేస్తుంది. షాపులో బేరాల్లేవు, ఎండ మండిపోతోంది, మధ్యాహ్నం ఇంటికొచ్చి పఖాళ (ఒడియావాళ్ళ చద్దన్నం) తిని కాసేపు నడుం వాల్చాను. రాయాల్సిందంతా సాయంత్రం గురించే.

ఒడిశాలో మా బరంపురంలో నేను వెళ్ళే ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్ళు ఒకరికొకరు తోడుండే సంఘం) మీటింగు వారానికి 2 రోజులే, ఒక స్కూలు వెనకాల గదిలో. మిగతా రోజులు మేడ మీద కూర్చుని ఫోన్లో తెలుగువాళ్ళ ఆన్‌లైన్ మీటింగు వింటాను, కానీ ఇన్నాళ్ళూ ఒక్కసారి కూడా మైకు ఆన్ చెయ్యలేదు. అసలీ గది సంగతి తెలిసేసరికే ఎంత ఆలస్యమైపోయిందో. అంతకుముందు మందు మాన్పించే ఒక సెంటర్లో నెల రోజులు తాళం వేసి ఉంచారు, అమ్మ గాజులు తాకట్టు పెట్టి డబ్బు కట్టింది, బయటికొచ్చిన సాయంత్రమే తాగేశాను. ఆ తర్వాత గవర్నమెంటు ఆస్పత్రిలో డాక్టరుగారు మందులు రాసిన చీటీ వెనకాలే ఈ అడ్రసు రాసిచ్చారు, జేబులో పెట్టుకుని 20 రోజులు తిరిగాను, వెళ్ళడానికి సిగ్గు.

మీటింగు ఒడియాలో జరుగుతుంది. నేను చదువుకున్నది ఒడియా బడిలోనే, కాబట్టి మొదటి రోజే లేచి "ము జణే మద్యప" (నేనొక మద్యపుణ్ణి) అనేశాను, అందరూ చప్పట్లు కొట్టారు. ఎందుకంత సులువుగా వచ్చిందంటే ఆ మాట నాకు పుస్తకంలో మాటలాంటిది, ఎవరి గురించో చెప్పినట్టుంటుంది. తెలుగులో మాట వేరు. తాగుబోతు అని మా నాన్నని నేనే అన్నాను, పదేళ్ళప్పుడు, వీధిలో అందరి ముందూ. అదే మాట మా అమ్మ నన్ను అంటూ గుమ్మానికి తల కొట్టుకుంది. ఆ మాట నా నోటితో నా గురించి ఇన్నాళ్ళూ రాలేదు.

ఇవాళ ఒక కొత్తాయన వచ్చాడు, సోంపేట వైపు మనిషి, ఇక్కడ సెంట్రింగ్ పనికి వచ్చాడట, ఒడియా రాదు. గుమ్మం దగ్గరే నిలబడి "ఎంత కట్టాలి బావూ" అని అడిగాడు. ఏం కట్టక్కర్లేదు, మానాలన్న కోరిక ఉంటే చాలు, ఇక్కడ ఇంకే అర్హతా అడగరు, పూర్తి పేరు కూడా చెప్పక్కర్లేదు అన్నాను. చివర్లో తిప్పే డబ్బాలో కూడా మా సభ్యులే వేస్తారు, బయటివాళ్ళ దగ్గర చందాలు తీసుకోరు. మీటింగులో మేం భాయినా (అన్నయ్య) అని పిలిచే, రైల్వేలో చేసి రిటైరైన పెద్దాయన, నా వైపు చూసి "తెలుగురే కుహ" (తెలుగులో చెప్పు) అన్నాడు.

లేచాను. గొంతు పట్టేసింది. నేను తాగుబోతుని అన్నాను, తర్వాత నాన్న గురించి, ఆ వీధి గురించి, గాజుల గురించి అంతా వచ్చేసింది, ఎంతసేపు మాట్లాడానో తెలీదు. 1935లో అమెరికాలో ఆక్రన్ అనే ఊళ్ళో బిల్, డాక్టర్ బాబ్ అని ఇద్దరు తాగుబోతులు ఒకరికొకరు ఇలాగే చెప్పుకుంటూ మొదలుపెట్టారని మొదటివారం విన్నప్పుడు ఏదో చరిత్రలే అనుకున్నాను. ఎదుటివాడికి చెప్తుంటే నాకే బలం వస్తుందని ఇవాళ అర్థమైంది, ఎందుకంటే ఆ కొత్తాయన నా మొహం మీంచి చూపు తిప్పలేదు.

చాయ్ ఇస్తే గ్లాసు పట్టుకోలేకపోయాడు, చేతులు అంత వణుకుతున్నాయి. ఎప్పుడు మానేశారంటే నిన్న పొద్దున్నించి చుక్క ముట్టలేదు, రోజూ మూడు క్వార్టర్లు తాగేవాణ్ణి అన్నాడు. భాయినా వెంటనే లేచి నిలబడ్డాడు, ముందు ఆస్పత్రికి తీసుకెళ్ళు, మీటింగు తర్వాత అన్నాడు. రోజూ అంతంత తాగేవాళ్ళు ఒక్కసారిగా ఆపితే ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, ఆ తర్వాత లేనివి కనపడ్డం, మతి తప్పడం కూడా ఉంటుంది, ప్రాణమే పోవచ్చు. నాకు రెండో రోజు ఫిట్స్ వస్తే ఇంట్లో గాలి సోకిందనుకుని భూతవైద్యుణ్ణి పిలిచారు. మందు మానడమంటే మనసు గట్టి చేసుకోవడం ఒక్కటే అని మనవాళ్ళు ఇప్పటికీ అనుకుంటారు, ఇది చదివేవాళ్ళయినా దయచేసి డాక్టరుకి చూపించి మానండి, ఎవర్నడగాలో తెలీకపోతే 14446కి ఫోన్ చెయ్యండి, ప్రభుత్వానిదే, డబ్బు పడదు.

బండి మీద నా చొక్కా గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. క్యాజువాలిటీలో సిస్టరు ఒడియాలో అడుగుతుంటే నేను తెలుగులో అడిగి చెప్పాను, సెలైను పెట్టారు, బీ1 విటమిన్ ఇంజెక్షను ఇచ్చారు, రాత్రికి ఉంచేశారు. ఇంటికి ఫోన్ చెయ్యమని తన ఫోన్ నాకిచ్చాడు.

వాళ్ళావిడ ఎత్తగానే "ఎక్కడ పడిపోయాడు బాబూ" అంది. పడిపోలేదమ్మా, మానెయ్యడానికి వచ్చాడు, ఆస్పత్రిలో ఉన్నాడు, బాగానే ఉన్నాడు అన్నాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు, లైను కట్ అయిందేమో అనుకున్నాను. తర్వాత, పొద్దున్నే ఏ ట్రైను ఉందో అడిగింది.