"ఏం కాదులే" అనడం మా ఇంట్లో ఎలా ఆగింది

చీటీ మీద పానిక్ డిజార్డర్ అని, అంటే ఉన్నట్టుండి విపరీతమైన భయం, దడ ముంచుకొచ్చే జబ్బని, రాసే నాటికే నా దగ్గర ఒక లావుపాటి ఫైలు తయారైంది. ఈసీజీలు, టూడీ ఎకో, థైరాయిడ్, హిమోగ్లోబిన్, కడుపు స్కానింగ్. అన్నీ నార్మల్. రిపోర్టు బాగుందని చెప్పిన ప్రతిసారీ ఇంట్లోవాళ్లు హమ్మయ్య అనుకునేవాళ్లు. నేను మాత్రం "మరి ఈ బాధేంటి?" అనుకుంటూ ఇంటికొచ్చేదాన్ని. ఒక ఆసుపత్రి ఎమర్జెన్సీలో డ్యూటీ డాక్టరు మావారి ముందే "ఇంట్లో ఏమన్నా గొడవలా అమ్మా?" అని అడిగి, గ్యాస్ మాత్ర రాసి పంపేశాడు. దారిపొడుగునా మేమిద్దరం ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు.

మాది విజయవాడ. మంగళగిరిలో ఒక జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. రోజూ బస్సులో కనకదుర్గ వారధి దాటి వెళ్లాలి. ఒక ఎండాకాలం పొద్దున వారధి మీద బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయింది. ఉన్నట్టుండి గుండె దడదడా కొట్టుకుంది, వేళ్లు తిమ్మిరెక్కాయి, పెదాల చుట్టూ జివ్వుమంది, ఎంత గాలి పీల్చినా చాలడం లేదు. కిందకి దిగడానికి లేదు, ముందుకి పోవడానికి లేదు. ఇక్కడే పోతానని గట్టిగా అనిపించింది. కాసేపటికి దానంతటదే తగ్గింది, బస్సు కదిలింది, ఫస్టవర్ క్లాసు కూడా తీసుకున్నాను. కానీ ఆ రోజు నుంచి బస్సంటే భయం, తర్వాత లిఫ్టంటే భయం, ఆ తర్వాత మళ్లీ అలా వస్తుందేమోనన్నదే అసలు భయం.

మా ఫ్యామిలీ డాక్టరు ఫైలంతా ఓపిగ్గా చూసి "గుండె బాగుంది. మీ బాధ కూడా నిజమే. సైకియాట్రిస్టుని కలవండి" అన్నారు. ఆ రెండు సంగతులూ ఒకేసారి చెప్పిన మొదటి మనిషి ఆయన. ఇంట్లో మాత్రం ఆ మాట బరువుగా పడింది. అత్తయ్యగారు దిష్టి తీశారు, గుళ్లో కుంకుమపూజ చేయించారు. వాటితో నాకు పేచీ లేదు, ఆవిడ ప్రేమంతా అందులోనే ఉంది. "మందులు మొదలుపెడితే జీవితాంతం మింగాలేమో, నిద్రమత్తులో పడి ఉంటావేమో" అన్నదే అందరి బెంగ. ఒక రాత్రి మేడ మీదకెళ్లి 14416కి ఫోన్ చేశాను. కేంద్రం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరది. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ పనిచేస్తుంది. తెలుగులోనే మాట్లాడారు. తొందరపెట్టకుండా విన్నారు. మావారు భయపడుతున్న ప్రశ్నలన్నీ నేనే అడిగాను. ఆ వారమే అపాయింట్‌మెంట్ తీసుకున్నాం.

సైకియాట్రిస్టు ఒక కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. ప్రమాదం లేకపోయినా ఉందనుకుని ఒళ్లు అడ్రినలిన్ వదులుతుంది, గుండె వేగం పెరుగుతుంది. భయానికి మనం గబగబా ఊపిరి తీస్తాం. దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లు తిమ్మిరెక్కుతాయి, తల తేలిపోతుంది. ఆ తిమ్మిరి చూసి ఇంకా భయపడతాం. ఇదంతా మామూలుగా పది నిమిషాల్లోపే శిఖరానికి చేరి, అక్కడి నుంచి దిగడం మొదలవుతుంది. లెక్కల టీచర్ని కదా, ఆ వక్రరేఖ నాకు వెంటనే పట్టుబడింది. ఎక్కిన గ్రాఫు దిగి తీరుతుందని కళ్లారా చూడటం నాకు పెద్ద ఆసరా అయింది.

గాభరా తగ్గించే ఎస్సిటాలోప్రామ్ అనే మందు తక్కువ డోసుతో మొదలుపెట్టారు. పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందని, మొదట్లో వికారంగా ఉండొచ్చని, గాభరా కాస్త పెరిగినట్టు కూడా అనిపించొచ్చని ముందే చెప్పారు. అలాగే అయింది. ముందే తెలుసు కాబట్టి మానలేదు. వెంటనే నెమ్మదింపజేసే ఇంకో మాత్ర కొద్దికాలానికే రాశారు. అది అలవాటు పడే రకం కనుక సొంతంగా కొని వాడొద్దని గట్టిగా చెప్పారు. తగ్గిందనిపించగానే అసలు మందు ఆపేయకూడదు, బాగయ్యాక కూడా నెలల తరబడి వాడి, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి. మందు గురించి ఇంతకన్నా చెప్పేదేమీ లేదు. మా ఇంటిని మార్చింది కౌన్సెలింగ్.

అప్పటికి మా రాత్రులు ఎలా ఉండేవో చెప్పాలి. ఉలిక్కిపడి లేచి "ఏవండీ, ఒక్కసారి పల్స్ చూడండి" అనేదాన్ని. ఆయన నిద్రకళ్లతోనే నా మణికట్టు పట్టుకుని గోడగడియారం వైపు చూస్తూ లెక్కపెట్టేవారు. "ఎనభై ఆరు. ఏం కాదులే, పడుకో." పడుకునేదాన్ని. మళ్లీ లేపేదాన్ని. "ఇందాక సరిగ్గా లెక్కపెట్టారా?" పగలు కాలేజీ నుంచి ఫోన్లు. ఆయన మీటింగులో ఉండి ఎత్తకపోతే అదో గాభరా. ఆయన విసుక్కోలేదు, అదే నాకు ఇంకా బాధ.

క్లినికల్ సైకాలజిస్టు మేడమ్ మొదటి రెండు మూడు సార్లు నాతోనే మాట్లాడి, తర్వాత ఆయన్నీ రమ్మన్నారు. ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టి అడిగారు: "ఆయన ఏం కాదులే అన్నాక మీకు ఎంతసేపు నెమ్మదిగా ఉంటుంది?" ఆలోచించి చెప్పాను, మహా అయితే పావుగంట. "మొదట్లో?" మొదట్లో ఒక పూటంతా ఉండేది. ఆవిడ ఇంకేం అనలేదు. మావారే "అంటే నేను చెప్పేకొద్దీ తనకి చాలడం లేదన్నమాట" అన్నారు.

ధైర్యం చెప్పిన ప్రతిసారీ భయం కాసేపు తగ్గుతుంది. కానీ "నాకు వేరేవాళ్లు చెబితేనే తగ్గింది" అని మనసు నేర్చుకుంటుంది. తనంతట తానే దిగే గ్రాఫుని దిగనివ్వకుండా మధ్యలో పట్టుకుంటున్నాం. ఇందులో తప్పు ఎవరిదీ కాదు. ప్రేమ ఉన్న ఇళ్లలోనే ఇది ఎక్కువగా జరుగుతుందని నాకు గట్టిగా అనిపిస్తుంది, ఎందుకంటే ప్రేమ లేనిచోట రాత్రి రెండింటికి లేచి పల్స్ చూసేవాళ్లుండరు.

మేడమ్ ముందే కూర్చుని ఒక మాట అనుకున్నాం. నేను అడిగితే ఆయన చెప్పాల్సింది ఇది: "నీకిప్పుడు గాభరాగా ఉందని తెలుస్తోంది. నేను పక్కనే ఉంటాను. పల్స్ మాత్రం చూడను." ఆ వాక్యం నా నోట్‌బుక్కులో ఆయన చేతే రాయించారు. ఆయన అప్పుడు ఒక సందేహం అడిగారు: నిజంగా ఏదైనా అయితే? దానికీ డాక్టరు గారి దగ్గర జవాబు తీసుకున్నాం. స్పృహ తప్పినా, నడుస్తున్నప్పుడు ఛాతీలో నొప్పి వచ్చినా, ఇంతకుముందు లేని కొత్త లక్షణం కనిపించినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. మిగతా వాటికి ఆ వాక్యమే.

మొదటి రాత్రి భరించలేకపోయాను. ఆయన పక్కన కూర్చుని ఆ మాట చెప్పి, దుప్పటి సర్ది, ఊరుకున్నారు. "ఒక్క నంబరు చెప్పడానికి మీకేం పోయింది?" అని ఏడ్చాను. ఆయన కళ్లలోనూ నీళ్లు. అయినా చెప్పలేదు. ఊపిరి నెమ్మదిగా వదలడం, పీల్చినదానికన్నా వదలడం ఎక్కువసేపు ఉండేలా చూసుకోవడం, మేడమ్ నేర్పింది చేస్తూ కూర్చున్నాను. తగ్గింది. తెల్లవారాక ఆయన చెప్పారు, నా పల్స్ చూసేటప్పుడల్లా తనకీ గుండె జారేదని, ఇన్నాళ్లూ ఆఫీసు టూర్లు ఏదో ఒక వంక పెట్టి తప్పించుకున్నారని. ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. నా భయం గురించే మాట్లాడుకుంటూ ఆయన గురించి అడగడానికి చోటే మిగల్లేదు. అప్పటి నుంచి రాత్రి భోజనాలయ్యాక కాసేపు ఆరోగ్యం ఊసెత్తకుండా కబుర్లు చెప్పుకోవడం పెట్టుకున్నాం. మొదట్లో ఏం మాట్లాడాలో తోచేది కాదు.

అమ్మతో ఇంకా కష్టమైంది. గుడివాడ నుంచి పూటకోసారి ఫోన్ చేసి "ఎలా ఉందే? దడ వచ్చిందా?" అని అడిగేది. రాకపోయినా ఆ మాటతో ఒళ్లు వెతుక్కునేదాన్ని. చివరికి చెప్పాను: "అమ్మా, ఆ సంగతి ఆదివారం ఒక్కసారి అడుగు. మిగతా రోజులు నీ కబుర్లు చెప్పు." నొచ్చుకుంది. "కన్నతల్లిని, అడక్కూడదా?" అంది. రెండు రోజులు ఫోనే లేదు. మూడో రోజు పొద్దున్నే చేసి, పక్కింటివాళ్ల గేదె ఈనిన సంగతి, మునక్కాడల రేటు, కొత్త పనిమనిషి గురించి ఏకబిగిన చెప్పింది. ఎంత హాయిగా ఉందో!

బస్సు సంగతి మెట్టు మెట్టుగా సాగింది. ముందు పండిట్ నెహ్రూ బస్టాండులో ఊరికే కూర్చోవడం. తర్వాత మావారు పక్కనుండగా వారధి దాటి తాడేపల్లిలో దిగిపోవడం. తర్వాత ఆయన వెనక సీట్లో, ఆ తర్వాత ఆయన లేకుండా. ప్రతి మెట్టు దగ్గరా భయం వస్తుంది, వచ్చినా దిగకుండా, అది తగ్గేదాకా కూర్చోవాలి. నీళ్ల సీసా, మాత్ర బ్యాగులో పెట్టుకుంటే తప్ప ఎక్కలేకపోయేదాన్ని. చివరి మెట్టు అవి లేకుండా ఎక్కడం. అది అన్నిటికన్నా ఎక్కువ కాలం పట్టింది.

ఖర్చు గురించి చాలామంది అడుగుతారు. శరీర జబ్బులకు ఎలా ఇస్తారో మానసిక జబ్బులకూ అలాగే బీమా ఇవ్వాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. కాకపోతే ఓపీ ఫీజులు చాలా పాలసీల్లో రావు, మాకూ రాలేదు. భరించలేనివాళ్లు జిల్లా ప్రభుత్వాసుపత్రిలో సైకియాట్రీ ఓపీకి వెళ్లొచ్చు.

ఇప్పుడు మందు డోసు సగానికి తగ్గించారు. దడ అప్పుడప్పుడూ వస్తుంది, పోతుంది. మావారు టూర్లకి వెళ్తున్నారు. కౌన్సెలింగుకి వెళ్లబోయేవాళ్లకి నాదొక్కటే మాట. మీ పాత రిపోర్టులు, వాడుతున్న మందుల చీటీ ఎలాగూ పట్టుకెళ్తారు. ఇంట్లో మీకు అందరికన్నా ఎక్కువ ధైర్యం చెప్పే మనిషి ఎవరో చూసుకుని, "వీళ్లనీ ఒకరోజు తీసుకురమ్మంటారా?" అని మొదటిసారే అడగండి.