సైలెన్సర్ నట్టుతో నాలుగు రోజులు

మా నాయన స్ప్లెండర్ 2006 ది. 97.2 సీసీ ఇంజనే గానీ దాని మీద ఆయన ఎన్నిసార్లు కొండకి పోయొచ్చినాడో లెక్కలేదు, శనివారం వస్తే అమ్మని ఎనకాల ఎక్కించుకుని అలిపిరి దాటాల్సిందే, ఘాట్ రోడ్డులో సెకండ్ గేర్లో మూలుగుతా పోయేది పాపం. తర్వాత మోకాళ్ళ నొప్పులొచ్చి బండి తీయడం మానేసినాడు. 2021 నవంబర్ వానలకి తిరుపతి మునిగింది గదా, అప్పుడు కొర్లగుంటలో మా ఇంటి ముందర నీళ్ళు నిలబడి ఈ బండి ఇంజన్ దాకా ఒక రాత్రంతా నానింది. ఆయిల్ తీస్తే పాలు ఎక్కువైన కాఫీ మాదిరి వచ్చింది. రెండుసార్లు ఆయిల్ మార్చి కిక్ కొడితే స్టార్ట్ అయింది, ఇంకేముంది బాగానే ఉండాదిలే అనుకున్నాం. బయట నట్లు ఎట్లుండాయో వంగి చూసినోడు ఎవడూ లేడు.

మొన్న ఆ బండి నేనే వాడుకుందామని బయటికి తీసినా. యాక్సిలరేటర్ వదిలితే చాలు ఫట్ ఫట్ మని కొడతా ఉండాది, సైలెన్సర్ బెండు ఇంజన్‌కి కలిసే చోట చుట్టూ మసి. ఆ అతుకులో పొగ బయటికి రాకుండా ఆపే ప్యాకింగ్ పోయిందని తెలిసిపోయింది. ఆ ప్యాకింగ్ ఎంతని, ఒక టీ ఒక బన్ను ఖర్చు. రెండు నట్లు విప్పాల, బెండు దించాల, కొత్త ప్యాకింగ్ పెట్టి బిగించాల. అరగంట పని అని మా ఆవిడకి చెప్పి ఆదివారం పొద్దున కూర్చున్నా.

ముందు కుడిపక్క నట్టు. 10 నంబర్ రింగ్ పానా వేస్తే లొడలొడ ఆడుతుంది, ఎందుకంటే తుప్పు తినేసి నట్టు సైజే తగ్గిపోయింది. ఆ ఒక్క గుర్తుకే నేను ఆగాల్సింది. ఆగలా. పానాకి అడుగున్నర ఇనప పైపు తగిలించి ఒంటి బరువంతా వేసి లాగినా, కొంచెం కదిలింది! భలే అనుకుని ఇంకొంచెం లాగినా, మెత్తగా, సవక సవకగా తిరుగుతా ఉంది, ఆ తర్వాత ఉన్నట్టుండి బరువే లేకుండా పోయి నేను పోయి గోడకి తగిలినా. పానాలో నట్టు ఉంది, నట్టులో సగం స్టడ్డు ఉంది, అదే, ఇంజన్‌లో నుంచి బయటికి పొడుచుకొచ్చే మరల కడ్డీ. తిరిగింది నట్టు కాదు, స్టడ్డు మెలి తిరిగి తెగింది.

ఇది నాకు ఇప్పుడు తెలిసింది గానీ అప్పుడు తెలీదు. పట్టేసిన నట్టు నిజంగా వదిలినప్పుడు టక్ మని శబ్దం వస్తుంది, చేతికి ఒక దెబ్బ తగిలినట్టు ఉంటుంది. అట్లా కాకుండా రబ్బరు తిప్పినట్టు మెత్తగా వస్తా ఉందంటే అది వస్తా ఉండేది కాదు, పోతా ఉండేది. ఆ క్షణంలో చెయ్యి తీసేయాల.

లెక్క వేసుకుంటే సిగ్గేస్తుంది. ఆ స్టడ్డు ఎం6, అంటే 6 మిల్లీమీటర్ల లావు. అంత సైజు దాన్ని బిగించడానికి మామూలుగా కావాల్సిందే 10 న్యూటన్ మీటర్లు అటూ ఇటూ, మీటరు పొడుగు కడ్డీ చివర ఒక కేజీ బెల్లం దిమ్మ వేలాడదీసినంత. నేను అడుగున్నర పైపుతో ఇరవై కేజీల బలం పెట్టినా అనుకున్నా కూడా అది 90 దాకా పోతుంది. మనం తెచ్చుకునే పొడుగు పైపుకి ఈ లెక్కలేమీ తెలీవు.

గోడకి తగిలిన శబ్దానికి ఎదురింటి మామ వచ్చినాడు. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైనాడు. చూసి, తెగిన ముక్క చేతిలోకి తీసుకుని, "రెండోదాన్ని ముట్టుకోలేదు గదా?" అన్నాడు. లేదు మామా అన్నా. "అయితే ఈ పొద్దుకి లేసి స్నానం చెయ్ పో" అన్నాడు.

సాయంత్రం వచ్చి ఎడమ నట్టుకి ఇనప బ్రష్షు వేసి తుప్పంతా రాలగొట్టినాడు. నా దగ్గర డబ్ల్యూడీ-40 స్ప్రే ఉంటే అది చూసి నవ్వినాడు. అది చెడ్డదని కాదు, ఆ పేరులోనే ఉంది, డబ్ల్యూడీ అంటే వాటర్ డిస్‌ప్లేస్‌మెంట్, నీళ్ళని తరిమేది, 40వ ప్రయత్నంలో కుదిరిన ఫార్ములా, 1953 నాటిది. పట్టేసిన మరల్లోకి దూరేదానికి దానికంటే పల్చటిది ఉంటే మేలంటాడు ఆయన. పవర్ స్టీరింగ్ ఆయిల్, అసిటోన్ సగం సగం కలపమన్నాడు. అసిటోన్ యాడ తెచ్చేది అని మా పాప నెయిల్ పాలిష్ రిమూవర్ తీస్తే దాని మీద అసిటోన్ ఫ్రీ అని రాసుండాది, పాప చేత తిట్లు తిన్నదొక్కటే మిగిలింది. మర్నాడు హార్డ్‌వేర్ షాపులో అడిగి తెచ్చినా. గాజు సీసాలో కలిపి ఊపి ఊపి వేయాల, రెండూ ఊరికే విడిపోతాయి. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి మూడు చుక్కలు, వేసిన ప్రతిసారీ సుత్తితో నట్టు చుట్టూ చిన్నగా టకటకా. రెండు రోజులు.

"తుప్పు అంటే ఏందనుకున్నావు, నానేసిన శనగల మాదిరి ఉబ్బుతుంది" అన్నాడు మామ. నిజమే, ఇనుము తుప్పుగా మారితే ముందరికంటే చాలా ఎక్కువ జాగా తీసుకుంటుంది, మరల మధ్యలో ఉండే సందంతా నింపేసి సిమెంట్ పోసినట్టు అయిపోతుంది. దీనికి తోడు సైలెన్సర్ కాడ రోజూ కాలడం, చల్లారడం. సుత్తి దెబ్బ ఎందుకంటే ఆ పొడి పగలాల, పగిలిన సందులోకి ఆయిల్ దిగాల.

బుధవారం వేడి పెట్టినాం. దానికి ముందు పెట్రోల్ ట్యాంక్ విప్పి, కార్బొరేటర్ కిందుండే పెట్రోల్ కూడా దించేసి ఇంటెనక పెట్టినాం, ఈ ఒక్క విషయంలో మామ జోకులు వేయలా. గ్యాస్ టార్చ్ మంట నట్టు మీదనే పెట్టాల, స్టడ్డు మీద కాదు, నట్టు ముందు కాగి వ్యాకోచిస్తే లోపలి స్టడ్డు ఇంకా చల్లగా ఉంటుంది, ఆ తేడానే మనకి కావాల్సింది. మంట ఇంజన్ హెడ్డు వైపు పోకుండా చూసుకోమన్నాడు, అది అల్యూమినియం కలిపిన లోహం, 660 డిగ్రీలు రాకముందే కరగడం మొదలవుతుంది, ఇనుము మాదిరి ఎర్రగా అయ్యి జాగ్రత్త అని చెప్పదు, ఉన్నట్టుండి జారిపోతుంది. కాగిన నట్టుకి కొవ్వొత్తి తాకిస్తే మైనం కరిగి లోపలికి పీల్చుకుంది, అది చూడ్డానికే భలే ఉండింది.

ఇప్పుడు పానా కాదు, 9 నంబర్ సాకెట్, ఆరు పలకలది, సుత్తితో కొట్టి ఎక్కించినాం. నేను విప్పే వైపు తిప్పబోతే మామ చేతి మీద కొట్టినాడు. "ముందు బిగించు." బిగించేదేంది మామా అంటే "రవ్వంత. అది ఎటు తిరిగినా తుప్పు పగుల్తుంది, నీకు కావాల్సింది అదే గదా." వెంట్రుకవాసి బిగించినా. టక్ మనింది. ఆ శబ్దం! పావు చుట్టు విప్పు, ఎనక్కి తిప్పు, చుక్క ఆయిల్, మళ్ళీ పావు చుట్టు. పది నిమిషాలు పట్టింది గానీ మరలు దెబ్బతినకుండా వచ్చింది.

తెగిన స్టడ్డు సంగతి వేరే. బెండు దించినాక ఒక సెంటీమీటర్ బయటికి ఉంది, వైస్ గ్రిప్, అంటే గట్టిగా కరుచుకునే పట్టకారు, పెడితే జారి గీతలు పడడం తప్ప లాభం లేదు. ట్యాంక్ మళ్ళీ ఎక్కించి, పక్కింటి పిల్లోడు వాడి బండి మీద కాలు పెట్టి తోస్తా ఉంటే ఆటోనగర్లో ఒక వెల్డింగ్ షాపు దాకా పోయినాం. ట్యాంక్ మళ్ళీ దించి, బ్యాటరీ వైర్లు తీసేసి, ఆ మొండి మీద ఒక పెద్ద నట్టు పెట్టి లోపల వెల్డింగ్ కొట్టినారు. ఆ వేడికే పట్టు వదిలిపోయింది, కాసేపు ఆగి పానా పెడితే నెయ్యి రాసినట్టు వచ్చేసింది. నూటేభై రూపాయలు. మా నాయన అంతా విని "మొదట్నే ఆడికి తోలుంటే సరిపోయేది గదరా" అన్నాడు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు, ఉన్నా చెప్పేవాణ్ణి కాదు.

కొత్త స్టడ్లు వేసి ఈసారి ఇత్తడి నట్లు పెట్టినా, ఇత్తడికి తుప్పు లేదు కాబట్టి స్టీలుని కరుచుకోదు. మరలకి రాగి పొడి కలిసిన గ్రీజు. మామూలు గ్రీజు అక్కడి వేడికి మాడిపోతుంది, రాసినా రాయనట్టే. ఫట్ ఫట్ పోయింది, నాయన వరండాలో కూర్చుని ఆ శబ్దం విని తల ఊపినాడు.

బండి కిందికి వంగి చూస్తే ఫుట్ రెస్ట్ బోల్టులు కూడా ఇదే తుప్పు రంగులో ఉండాయి. రాత్రే సీసా ఊపి మూడు చుక్కలు వేసొచ్చినా. పైపు మాత్రం మామ తీసుకుపోయి వాళ్ళింట్లో పెట్టుకున్నాడు.