గెలిచిన మర్నాటి ప్రాక్టీస్

సావనీర్‌కు ఏదైనా రాయమని కమిటీ వాళ్లు అడిగారు. హాస్టల్ ఉప్మా, ఏడో తరగతి టూర్, లెక్కల మేడం గొడుగు సంగతి మీరెలాగూ రాస్తారు. నేను మనకు పరుగు నేర్పిన విజిల్ సార్ గురించే రాస్తా.

సార్ పొద్దున్నే చర్చి నుంచి నేరుగా గ్రౌండ్‌కు వచ్చేవారు. తాడు కట్టి, సున్నంతో లేన్లు తానే గీసేవారు. గీత కాస్త వంకర పోతే కాలితో చెరిపి మళ్లీ గీసేవారు. "ఎవరు చూస్తరు సార్" అంటే వేలు పైకి చూపించేవారు. ఆదివారం మాత్రం విజిల్ మోగేది కాదు. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో బ్రిటన్ రన్నర్ ఎరిక్ లిడెల్ ఆదివారమని 100 మీటర్ల పరుగు వదులుకుని, 400 మీటర్లను 47.6 సెకన్లలో ముగించి స్వర్ణం గెలిచిన కథ ఆయన నోట ఎన్నిసార్లు విన్నామో!

జోనల్స్‌లో మన రిలే గెలిచిన మర్నాడు గుర్తుందా? సెలవనుకున్నాం. తెల్లారేసరికి హాస్టల్ కింద విజిల్.

"గెల్చినం గద సార్" అంది బుజ్జి.

"పక్కోళ్లు ఎనకవడ్డరు. మీరు బ్యాటన్ మంచిగ మార్చలే."

రెండో మార్పిడిలో బ్యాటన్ కర్ర అందుకునే అమ్మాయి తల తిప్పి చూసిందట. ఆ పూటంతా అదొక్కటే పని. చెయ్యి వెనక్కి చాపాలి, అరచెయ్యి తెరవాలి, చూపు ముందుకే ఉండాలి. అందుకునే వాళ్ల వేళ్లు బిగుసుకున్నాకే ఇచ్చేవాళ్లు వదలాలి. చూడకుండా నమ్మడమే విశ్వాసమనేవారు సార్. చివర్న చింతచెట్టు కింద కూర్చోబెట్టి ఫిలిప్పీయులకు రాసిన పత్రిక మూడో అధ్యాయం చదివించారు. తానింకా సంపూర్ణుణ్ని కాలేదని, వెనకున్నవి మరిచి గురివైపే పరుగెత్తుతున్నానని అక్కడ పౌలు అంటాడు. "నిన్నటి కప్పు గూడ ఎనకున్నదే బిడ్డా" అన్నారు సార్. తర్వాత అందరికీ అరటిపండ్లు పంచారు.

ఆపైన వ్యాయామ విద్యలో బీపీఈడీ, ఉద్యోగం, పెళ్లి, పిల్లలు. 2021లో మన హన్మకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో, కొత్త సింథటిక్ ట్రాక్ మీద జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ జరిగినప్పుడు రిలే మార్పిడి జోన్ దగ్గర అఫీషియల్‌గా నిలబడ్డాను. మన కాలంలో 4x100 రిలేకు 20 మీటర్లున్న జోన్ ఇప్పుడు 30 అయింది. సార్ నేర్పిన చెయ్యి మాత్రం మారలేదు.

2024లో పారిస్ పారాలింపిక్స్‌లో మన కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి పరుగును మా హాస్టల్ పిల్లలతో కలిసి టీవీలో చూశాను. మేధో వైకల్యం ఉన్నవారి టీ20 విభాగం, 55.82 సెకన్లు, కాంస్యం. లిడెల్ గెలిచిన ఊరే, అదే 400 మీటర్లు, సరిగ్గా వందేళ్లకు! సార్ ఉండి ఉంటే ఎంత మురిసిపోయేవారో.

ఆయన పేరిట ట్రోఫీ పెడదామని కమిటీలో మాట నడుస్తోందట. పెడితే ఆడపిల్లల రిలేకే పెట్టండి. ఖర్చంతా నాది.