అద్దె పెంచాలా, అద్దెదారును నిలుపుకోవాలా?

హైదరాబాదులో అద్దెకిచ్చే ఉద్దేశంతో ఫ్లాటు కొనాలనుకునే బంధుమిత్రులు నన్ను ముందుగా అడిగేది, నెలకు ఎంత అద్దె వస్తుందని. ఆ ఇల్లు ఏడాదిలో ఎన్నాళ్లు ఖాళీగా ఉంటుందన్నది అంతకంటే పెద్ద ప్రశ్న అని నేను గట్టిగా నమ్ముతాను.

80 లక్షల రూపాయలతో కొన్న రెండు పడకగదుల ఫ్లాటుకు నెలకు 22,000 అద్దె వస్తుందనుకుందాం. ఏడాదికి 2,64,000, అంటే పెట్టుబడి మీద 3.3 శాతం. ఆస్తిపన్ను, కుళాయిల దగ్గర నుంచి గీజరు వరకు వచ్చే మరమ్మతులు పోగా మిగిలేది ఇంకా తక్కువ. ఇంటి రుణం మీద వడ్డీ ఇందుకు రెట్టింపు పైమాటే కనుక, అద్దెతోనే ఈఎంఐ తీరిపోతుందన్న ఆశతో ఎవరూ కొనకూడదు.

ఇంత సన్నని రాబడిలో ఒక్క నెల ఖాళీ అయినా గట్టిగానే తగులుతుంది. సకాలంలో అద్దె కడుతూ ఇంటిని శుభ్రంగా ఉంచుకునే కుటుంబాన్ని నెలకు మరో 2,000 ఇమ్మని పట్టుబడితే ఏడాదికి అదనంగా వచ్చేది 24,000. వారు ఖాళీ చేసి వెళ్లిపోయి, టూలెట్ బోర్డు ఒక నెలపాటు వేలాడితే అందులో 22,000 అక్కడే పోతుంది. రంగులు వేయించడానికి, బ్రోకరు కమీషనుకు అయ్యే ఖర్చు కూడా కలిపితే రెండేళ్ల పెంపు సైతం సరిపోకపోవచ్చు. మంచి అద్దెదారుకు చుట్టుపక్కల ధర కంటే కొంత తక్కువకు ఇవ్వడాన్ని నేను ఔదార్యంగా చూడను, అది లెక్క ప్రకారం సరైన నిర్ణయం.

మన ప్రాంతంలో ఖాళీ కాలానికి పంచాంగంతోనూ సంబంధం ఉంది. ఆషాఢ, పుష్య మాసాల్లోను, మూఢం రోజుల్లోను కొత్త ఇంట్లో పాలు పొంగించడానికి చాలా కుటుంబాలు ఇష్టపడవు. పిల్లలున్నవారు జూన్‌లో బడులు తెరవకముందే, ఏప్రిల్, మే నెలల్లో ఇల్లు వెతుక్కుంటారు. ఇక్కడ పదకొండు నెలల ఒప్పందం ఒక చిక్కు తెస్తుంది. మే 1న మొదలైన ఒప్పందం మార్చి నెలాఖరుకు, దాని తర్వాతిది ఫిబ్రవరి నెలాఖరుకు, మూడోది జనవరి నెలాఖరుకు ముగుస్తాయి. జనవరి చివర అంటే తరచుగా పుష్యమాసమే. అటువంటప్పుడు తర్వాతి ఒప్పందాన్ని నాలుగు నెలలకే రాసుకొంటే గడువు మళ్లీ మే నెలాఖరుకు చేరుతుంది.

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాదికి మించిన అద్దె ఒప్పందాన్ని తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలి. పదకొండు నెలల ఆనవాయితీ అందువల్లనే వచ్చింది. అయితే మన దగ్గర 1999 నాటి రాష్ట్ర సవరణ ప్రకారం ఏడాదిలోపు అద్దె ఒప్పందాన్ని కూడా రిజిస్టరు చేయించాలి. రిజిస్టరు చేయించకపోతే అందులోని షరతులను కోర్టులో సాక్ష్యంగా చూపడం కష్టమవుతుంది. ఎంత నమ్మకమైన మనుషులైనా కాగితం ఉండాలి. అద్దె ఎప్పుడు, ఎంత శాతం పెరుగుతుందో, ఖాళీ చేయడానికి ఎన్ని నెలల ముందు చెప్పాలో, నీటి ట్యాంకర్ల ఖర్చు ఎవరిదో అందులో స్పష్టంగా ఉండాలి. వేసవిలో బోర్లు ఎండిపోయే కాలనీల్లో ఈ చివరి అంశం మీదే తగాదాలు ఎక్కువ.

ఖాళీ చేసేటప్పుడు రంగుల పేరుతో అడ్వాన్సులో ఒక నెల అద్దె కోసుకోవడం మన నగరంలో అలవాటు. మూడేళ్లు మనుషులు నివసించిన గోడలు మాసిపోవడం సహజం, ఆ ఖర్చు యజమాని భరించడమే న్యాయమని నా అభిప్రాయం. పగిలిన వాష్‌బేసిన్, విరిగిన తలుపు వేరే సంగతి. వాటి కోసమే ఇల్లు అప్పగించే రోజున ఇద్దరి సమక్షంలో ప్రతి గదికీ ఫోటోలు తీసుకోవాలి.

ఆదాయపు పన్ను లెక్కలో, వచ్చిన అద్దెలోంచి మీరు కట్టిన ఆస్తిపన్ను తీసివేయగా మిగిలిన దానిపై 30 శాతం మరమ్మతుల వంటి ఖర్చుల కింద మినహాయింపు లభిస్తుంది. నిజంగా ఎంత ఖర్చు చేశారన్న దానితో నిమిత్తం లేదు. అద్దెకిచ్చిన ఇంటి రుణంపై వడ్డీని కూడా తీసివేయవచ్చు. అయితే కొత్త పన్ను విధానంలో ఆ వడ్డీ వల్ల వచ్చిన నష్టాన్ని జీతంలోంచి తగ్గించుకునే వీలు లేదు. జీతం మీద పన్ను తగ్గుతుందనే ధీమాతో రెండో ఇల్లు కొనేవారు దీన్ని ముందే చూసుకోవాలి.

అమెరికాలో ఉంటూ కొండాపూర్‌లోనో మియాపూర్‌లోనో ఫ్లాటు అద్దెకిచ్చిన మనవారికి మరో నియమం ఉంది. యజమాని ఇక్కడి నివాసి అయితే, అద్దె నెలకు 50,000 దాటినప్పుడే సాధారణ అద్దెదారు అద్దెలోంచి పన్ను కోసి ప్రభుత్వానికి కట్టాలి. ఆ రేటు 2024 అక్టోబరు నుంచి 2 శాతం. యజమాని ప్రవాసి అయితే ఆ పరిమితి వర్తించదు, అద్దెదారు 30 శాతం పన్నును, దానిపై 4 శాతం సెస్సును మినహాయించి ప్రభుత్వానికి జమ చేయాలి. చాలామంది అద్దెదారులకు ఈ బాధ్యత తమదని తెలియదు కనుక, ఒప్పందం రాసుకోకముందే యజమాని వారికి ఆ సంగతి చెప్పి, తన అసలు పన్ను అంతకంటే తక్కువయ్యేటట్లయితే తక్కువ రేటుకు ధ్రువపత్రం కోసం ఆదాయపు పన్ను శాఖకు దరఖాస్తు చేసుకోవాలి.